ఉయ్యాల ఖర్చు: రూ.14,197

బాచుపల్లిలో మా ఫ్లాట్ అయిదో అంతస్తులో ఉంటుంది. బాల్కనీలో నిలబడితే కనిపించే చెట్లు లెక్కపెట్టొచ్చు. క్రేన్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఒక ఆదివారం పనిలేక లెక్కేశా. క్రేన్లు ఏడు. ఒక మనిషి బరువు మోసే లావున్న చెట్లు మూడు. ఆ మూడూ కూడా ఒకదానికొకటి ఎక్కడో దూరంగా, ప్రహరీల అవతల ఉన్నాయి. నాకేమో నాలుగైదు మీటర్ల దూరంలో రెండు చెట్లు కావాలి. ఎందుకంటే అప్పటికే ఒక హ్యామక్ ఆర్డర్ పెట్టేశాను.

తప్పు రీల్స్‌ది. రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్ ఇష్యూ క్లోజ్ చేసి, ఫోన్ పట్టుకుని పడుకుంటే ఒకతను కాఫీ తోటలో రెండు చెట్ల మధ్య ఉయ్యాల కట్టుకుని, దాంట్లోనే వండుకుని, దాంట్లోనే నిద్రపోతున్నాడు. టెంట్ వద్దు, నేల చదును అక్కర్లేదు, రాళ్లు గుచ్చుకోవు, చీమలు ఎక్కవు. మన తెలంగాణ నేల సంగతి తెలిసిందేగా, టెంట్ మేకు దిగాలంటే ముందు బండరాయి ఒప్పుకోవాలి. ఇది మనకి కరెక్ట్ కదా అనిపించింది. రివ్యూ వీడియోలు నాలుగు చూశా. నాలుగూ నన్ను మునగచెట్టు ఎక్కించాయి.

రూ.1,299. రెండు రోజుల్లో వచ్చింది. పిడికెడంత సంచిలో నైలాన్ గుడ్డ. మిర్యాలగూడలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపించా.

"గిదేంది? ఉయ్యాలనా? ఎంత?"

చెప్పాను.

"నా పాత చీర ఉయ్యాల్లనే కదరా నువ్వు పెరిగినవ్. ఇప్పుడు పైసలు పెట్టి మల్ల అదే కొన్నవా?"

నేను నవ్వి వదిలేశా కానీ, అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గుడ్డ రెండు కొసల్నీ కుచ్చుగా దగ్గరికి లాగి ముడేసి వేలాడదీయడం, హ్యామక్ అంటే అంతే. ఆ మాట కరీబియన్ దీవుల్లో ఉండే టైనో ప్రజలది, వాళ్లు హమాకా అనేవాళ్లు. 1492లో కొలంబస్ బహమాస్‌లో దిగినప్పుడు వాళ్లు అందులో పడుకోవడం చూశాడు. తర్వాత ఓడల్లో నావికులకి అదే పడక అయింది. మన దగ్గర కొలంబస్‌తో పని లేకుండానే ప్రతి ఇంటి దూలానికీ చీర ఉయ్యాల ఉండేది. అల్లూరి జిల్లా కొండల్లో రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని ఆసుపత్రికి మోసుకొచ్చే డోలీ కూడా అదే. అదే గుడ్డ, అదే ముడి, చెట్ల బదులు ఒక వెదురు బొంగు, చెరో కొసన భుజం. నేను సరదాకి కొనుక్కున్న వస్తువు అక్కడ అంబులెన్స్. ఈ సంగతి కొనేటప్పుడు తట్టలేదు.

సరే, చెట్లు లేవు. కొత్త బొమ్మ చేతిలో ఉంది. ఆగుతామా? టెర్రస్ మీదికెళ్లా.

అక్కడ హెడ్‌రూమ్ పక్కన ఆర్‌సీసీ పిల్లర్ ఒకటి ఉంది. దానికి ఎదురుగా, పిట్టగోడ మీద బట్టల దండెం కోసం పాతిన ఇనుప పైపు. మధ్య దూరం సరిగ్గా సరిపోయింది. హ్యామక్‌తో పాటు రూ.899 పెట్టి కొన్న పట్టీలు చుట్టా. వదులుగా కడితే నడుము నేలకి తగులుతోందని గట్టిగా, బాగా బిగించి కట్టా. చూడటానికి మంచంలా చదునుగా వచ్చింది. అప్పుడే మా వాచ్‌మన్ అన్న కొడుకు, ఆరేళ్లవాడు, పైకొచ్చాడు. "అన్నా, ఒక్కసారి" అన్నాడు. ఎక్కించా. పది నిమిషాలు ఊగాడు. కింద నుంచి వాళ్లమ్మ అన్నానికి పిలిస్తే దిగి పరిగెత్తాడు.

తర్వాత నేను పడుకున్నా. అయిదు నిమిషాలు కూడా కాలేదు. పిట్టగోడలోంచి ఇటుక పెళ్లతో సహా పైపు ఊడొచ్చింది. నేను తోకఎముక మీద శ్లాబ్‌కి కొట్టుకున్నా. పైపు నా ఎడమ భుజం పక్కన పడింది. ఆ పిల్లాడు ఊగినంతసేపూ కాళ్లు తన్నుకుంటూ దిగి నిలబడింది, మళ్లీ ఎక్కింది ఆ చోటే.

ఎక్స్‌రే, డాక్టర్ ఫీజు, మాత్రలు, కూర్చోవడానికి నడుమ బెజ్జం ఉన్న దిండు, అన్నీ కలిపి రూ.1,850. పైపు మళ్లీ పాతించడానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి రూ.1,200. ఎముక విరగలేదు. కానీ మూడు రాత్రులు ఆ పైపు పడిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిల్లాడి అన్నం ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమై ఉంటే?

నేను బీటెక్ చదివా. ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ మెకానిక్స్ పాసయ్యా. ఆ దిండు మీద కూర్చుని కాగితం తీశా. నా బరువు 78 కిలోలు. రెండు పక్కలా తాడు భూమికి సమాంతర రేఖతో 30 డిగ్రీల కోణంలో దిగితే, ఒక్కో పక్క తాడు మీద పడే లాగుడు సరిగ్గా 78 కిలోలు. ఇది మనం ఊహించేదానికంటే ఎక్కువే, సగం సగం పంచుకుంటాయి అనుకుంటాం కదా. ఇక బిగించే కొద్దీ చూడండి. కోణం 15 డిగ్రీలైతే 150 కిలోలు. 10 డిగ్రీలైతే 225. అయిదు డిగ్రీలైతే దాదాపు 450. నేను కట్టింది పది డిగ్రీల దగ్గర. అంటే నా సైజు మనుషులు ముగ్గురు వేలాడినంత బలంతో ఆ పైపుని పక్కకి లాగుతున్నా. దాని బోల్టులు దిగింది కాంక్రీట్‌లోకి కాదు, ఇటుక గోడలోకి. ఊగితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

మన వైపు కొత్త ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చాలా బిల్డింగుల్లో పిల్లర్లు, బీములు తప్ప మిగతా గోడలు తేలిక ఇటుకలే. మేకు దిగుతుంది, ఫొటో ఫ్రేమ్ ఆగుతుంది, మనిషి ఆగడు. ఇటుక స్తంభాలకి హ్యామక్ కట్టి, ఆ స్తంభం మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు అమెరికాలో ఉన్నాయి. అవి చదివాక నా ఫోన్ పక్కన పెట్టేశా.

వారం తర్వాత సెల్లార్‌లో బండి తీస్తుంటే వాచ్‌మన్ అన్న వాళ్ల చిన్నపాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. బీముకి ఒక ఇనుప కొండీ. పాత చీర రెండు కొసలూ ఆ ఒక్క కొండీకే. అంటే గుడ్డ రెండు పక్కలా దాదాపు నిలువుగా వేలాడుతోంది. నిలువుగా ఉంటే ఒక్కో కొస మీద పాప బరువులో సగమే. పక్కకి లాగే బలం లేనట్టే. కొండీ దిగింది ఆర్‌సీసీ బీములోకి. పాప నేలకి జానెడు ఎత్తులోనే ఉంది, జారినా ఏం కాదు. ఇంతకంటే సేఫ్ డిజైన్ నేను గీయలేను.

"ఇట్ల కట్టాలని ఎవరు చెప్పారక్కా?" అని అడిగా.

"చెప్పుడేంది సార్, మా అమ్మ కట్టింది, నేను కట్టిన" అంది.

అయితే నేను మానేశానా? లేదు. ఇంజినీర్‌కి బగ్ దొరికాక ఫిక్స్ చేయకుండా వదిలేయడం చేతకాదు. కానీ ఈసారి రివ్యూలు చూడలేదు, కొలతలు చూశా.

మొదట గుడ్డ. నేను కొన్నది 2.6 మీటర్ల పొడవు. నా ఎత్తు అయిదడుగుల పది. అందులో పడుకుంటే మనిషి అరటిపండు ఆకారంలోకి వంగిపోతాడు, పొద్దున నడుము పట్టేస్తుంది. నిజానికి హ్యామక్‌లో మధ్యగీత మీద పడుకోకూడదు. కాస్త ఐమూలగా, తల ఒక పక్కకి, కాళ్లు ఇంకో పక్కకి పెట్టి పడుకుంటే వీపు దాదాపు చదునుగా వస్తుంది. అలా పడుకోవాలంటే నా ఎత్తుకి 3.3 మీటర్ల పొడవు కావాలి. కొత్తది రూ.2,450. మొదటిది దండగ. ఆన్‌లైన్‌లో చూపించే డబుల్, ఫ్యామిలీ లాంటి మాటలన్నీ వెడల్పు గురించి. మనకి కావల్సింది పొడవు. అదేమో చిన్న అక్షరాల్లో కింద ఎక్కడో ఉంటుంది.

తర్వాత పట్టీలు. రూ.899 పట్టీల మీద ఎంత బరువు మోస్తాయో ఎక్కడా కుట్టిలేదు, బాక్స్ మీద మాత్రం పెద్ద అంకె ఉంది. వాటిని పక్కన పెట్టి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లా. అక్కడ తాళ్లు, టార్పాలిన్లు, గొలుసులు, పుల్లీలు అమ్మే షాపుల్లో మనలాంటి బ్యాక్‌ప్యాక్ వాళ్లని వింతగా చూస్తారు. "బెల్టు కావాలి" అన్నా. "ఎన్ని టన్నులు?" అన్నాడు షాపాయన. సరుకు లేపడానికి క్రేన్లకి కట్టే పాలిస్టర్ బెల్టులవి. రంగుని బట్టి బరువు. ఊదా అయితే ఒక టన్ను, ఆకుపచ్చ అయితే రెండు టన్నులు. రెండు కొసలా కళ్లు కుట్టి ఉంటాయి. మా బాల్కనీ ముందు ఏడు క్రేన్లూ రోజంతా వీటితోనే ఇనుము మోస్తున్నాయని అప్పుడు తెలిసింది. మూడు మీటర్ల ఊదా బెల్టులు రెండు, రూ.700. నైలాన్ కంటే పాలిస్టర్ తక్కువ సాగుతుంది, కాబట్టి రాత్రి మెల్లగా నేల మీదికి దిగిపోవడం ఉండదు. వెడల్పు అంగుళం పైనే, చెట్టు బెరడు కోసుకుపోదు. సన్నతాడు కడితే బెరడు కిందున్న పొర నలిగిపోయి చెట్టు దెబ్బతింటుంది. ఉన్నవే మూడు చెట్లు అన్న ఊరి నుంచి వచ్చినవాణ్ణి, ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

హ్యామక్‌తో ఫ్రీగా వచ్చిన కొక్కేలు తాళంచెవులకి పనికొస్తాయి, అంతే. పర్వతారోహణకి వాడే వాటి మీద కేఎన్ అని అంకె చెక్కి ఉంటుంది. ఒక కేఎన్ అంటే సుమారు వంద కిలోలు. 22 కేఎన్ జత రూ.1,100. ముడులు బాగా వచ్చినవాళ్లకి ఇది కూడా అక్కర్లేదు. నాకు రావు, నా ముడి మీద నాకు నమ్మకం లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. చుట్టూ జిప్ ఉన్న దోమతెర రూ.750. రాణిగంజ్‌లోనే వానకి పైన కట్టే నీలం టార్పాలిన్ రూ.900. ట్రెక్కింగ్ బ్రాండ్లలో ఇదే పని చేసేది నాలుగైదు వేలు, దాని గొప్పతనమల్లా బరువు తక్కువ ఉండటమే. బండి మీద వెళ్లేవాడికి బరువుతో పనేంటి? తాడు రూ.450. స్లీపింగ్ బ్యాగ్ రూ.1,499. ఫోమ్ మ్యాట్ రూ.500. తలకి పెట్టుకునే లైట్ రూ.600.

డిసెంబర్‌లో ఒక శనివారం ఆఫీస్ ఫ్రెండ్‌ని గచ్చిబౌలిలో ఎక్కించుకుని చేవెళ్ల మీదుగా వికారాబాద్ బయల్దేరాం. ఆ దారిలో రోడ్డుకి రెండు వైపులా ఊడలు దించిన మర్రిచెట్లు, దాదాపు 900 ఉంటాయని లెక్క. రోడ్డు వెడల్పు పనిలో వాటిని కొట్టేయొద్దని ప్రకృతి ప్రేమికులు ఏళ్లుగా కొట్లాడి, నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాటి కింద బండి నడుపుతుంటే ఎండ మారిపోతుంది. నా ఫ్రెండ్ "ఇక్కడే కట్టేద్దాం రా" అన్నాడు. లారీలు చూసి వాడే మాట మార్చాడు.

అనంతగిరి కొండల్లో రిజర్వ్ ఫారెస్ట్ ఉంది. అనుమతి లేకుండా అందులో రాత్రి ఉండటం కుదరదు, కుదరకూడదు కూడా. అనంత పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు చూసుకుని బయటికొచ్చేశాం. మా మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలిసేది ఈ మూసీయే. మధ్యలో హైదరాబాద్ దాన్ని ఏం చేసిందో అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం పేరు చెబితే తప్ప గుర్తుపట్టనంత చిన్నగా, శుభ్రంగా ఉంది.

రాత్రికి ఒక రైతు తోటలో మనిషికి రూ.700 ఇచ్చి ఉన్నాం. మామిడిచెట్లు వరసగా, నాలుగు మీటర్ల దూరంలో, కొలిచి నాటినట్టు ఉన్నాయి. స్వర్గం అనుకున్నా. తోట పెద్దాయన వచ్చాడు.

"మామిడికి కట్టకు బిడ్డా. పూత వచ్చే టైం. ఊపితే ఏం మిగుల్తది?"

వేపకీ చింతకీ కట్టుకోమన్నాడు. చింతచెట్టు కింద రాత్రి పడుకోవద్దంటారు కదా తాతా అంటే, "పడుకునేది కింద కాదు కదా, మధ్యల" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బెల్టులు మా తలంత ఎత్తులో చుట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి 30 డిగ్రీలు సరిచూశా. కూర్చుంటే కుర్చీ ఎత్తులో ఉండాలి, అంతకంటే పైన వద్దు. ముందు చేతులతో వేలాడి చూశా. తర్వాత కూర్చున్నా. పడుకోవడానికి అరగంట పట్టింది. పైపు గుర్తొస్తోంది మరి.

పదకొండింటికి చుక్కలు చూస్తూ నిద్రపోయా. రెండున్నరకి వీపు గడ్డకట్టి మెలకువొచ్చింది. పైన స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉంది, కింద మాత్రం ఐసు. ఫోన్‌లో 12 డిగ్రీలు. కారణం తర్వాత అర్థమైంది. దుప్పట్లో అయినా స్లీపింగ్ బ్యాగ్‌లో అయినా వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దూది మధ్య ఇరుక్కున్న గాలి. మన బరువుకి కింది పక్క నలిగిపోయి గాలంతా పోతుంది. నేల మీదైతే ఫోమ్ మ్యాట్ కాపాడుతుంది. గాల్లో వేలాడుతున్నప్పుడు కింద నుంచి చల్లగాలి వేడిని లాక్కుపోతూనే ఉంటుంది. మ్యాట్ వేసుకున్నా కదా అంటే, అది ఒంటిగంటకే జారి కాళ్ల దగ్గర చుట్టచుట్టుకుని పడుకుంది. నాకంటే అదే హాయిగా పడుకున్నట్టుంది. మిగతా రాత్రి పెద్దాయన ఆర్పకుండా వదిలేసిన నెగడు పక్కన కూర్చున్నాం.

దీనికి విదేశాల్లో అండర్‌క్విల్ట్ అని ఒకటి అమ్ముతారు. హ్యామక్ కింద, బయటి పక్క, నలగకుండా వేలాడే రజాయి. తెప్పించుకునే ధర చూసి ట్యాబ్ మూసేశా. అమ్మకి ఫోన్ చేసి చలి కథ చెప్పా. రెండు రోజుల తర్వాత బస్ పార్సిల్‌లో ఒక మూట వచ్చింది. మా అమ్మమ్మ కుట్టిన బొంత. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, చేత్తో కుట్లేసింది. ఒక మూల నుంచి చూస్తే ఆకుపచ్చ, ఇంకో మూల నుంచి చూస్తే వంకాయరంగు. పార్సిల్ చార్జీ అమ్మే కట్టింది.

నాలుగు మూలలా తాడు పట్టే ఉచ్చులు మా సందులోని టైలర్ కుట్టాడు, డబ్బులు తీసుకోలేదు, ఎందుకో చెప్తే నవ్వుతూనే ఉన్నాడు. జనవరిలో మళ్లీ అదే తోటకి రెండు రాత్రులు వెళ్లా. బొంతని హ్యామక్ కింద వీపుకి తగిలీతగలనట్టు వేలాడదీశా. ట్రెక్కింగ్ వాళ్లు దాని బరువు చూస్తే మూర్ఛపోతారు. రెండు రాత్రులూ తెల్లారేదాకా లేవలేదు. పాత నూలు చీరల వాసన, కింద నుంచి.

ఇప్పుడు లెక్క. సామాన్లన్నీ కలిపి రూ.11,147. ఆసుపత్రి, పైపు కలిపితే రూ.14,197. ఇప్పటికి మూడు రాత్రులు పడుకున్నా, అంటే రాత్రికి రూ.4,700 పైన. ఆ డబ్బుకి ఏసీ రూమూ, పొద్దున బఫే కూడా వస్తాయి. ఇందులో పొట్టి హ్యామక్, పనికిరాని పట్టీలు, ఆసుపత్రి, పైపు, ఈ నాలుగూ నా తొందరకి కట్టిన జరిమానా. అది రూ.5,248. అది తీసేస్తే రూ.8,949. ఇంట్లో దుప్పటి, బొంత ఉన్నవాళ్లు స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ కొనక్కర్లేదు. ఫోన్ టార్చ్ చాలనుకుంటే లైట్ కూడా తీసేయండి. రూ.6,350కి పని అయిపోతుంది. తగ్గించకూడనివి బెల్టులు, కొక్కేలు మాత్రమే. ఆ రెండూ కలిపి రూ.1,800.

పొట్టి హ్యామక్‌ని, కనీసం పిల్లాడికి పనికొస్తుందని, సెల్లార్‌లో అక్కకి ఇచ్చా. కట్టేటప్పుడు ఆ ఒక్క కొండీకే కట్టమని నేను చెప్పబోయి ఊరుకున్నా. ఆమె గుడ్డని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"జారుతది సార్ ఇది. పాపకి చెమట పడ్తది. చీరే మంచిది."

నిన్న బండి తీస్తూ చూశా. అదే బీముకి, పక్క కొండీకి నా రూ.1,299 వేలాడుతోంది. నిండా ఉల్లిగడ్డలు.